కసిల్డా పీపాలు

మోకాలి ఆపరేషన్ అయ్యాక కసిల్డా లొగ్రోన్యో ఆసుపత్రి నుంచి బస్సులో తన ఊరు బ్రియోనెస్‌కు తిరిగొచ్చింది. చర్చి ఎదుటి కొత్త హోటలు ముందు వరసగా పూలతొట్లు కనిపించాయి. నడిమికి కోసిన ఓక్ పీపాలు, వాటి నిండా జెరేనియం మొక్కలు. ఒకదాని ఇనప పట్టీకి తన తండ్రి వేయించిన అతుకు ఉంది. అవి తన నేలమాళిగలోని వైన్ పీపాలే.

చేతికర్ర అక్కడే పారేసి మొక్కలు వేళ్ళతో సహా పీకింది. హోటలు వాళ్ళు లబలబలాడుతున్నా వినిపించుకోలేదు.

తండ్రి పోయాక ద్రాక్షతోటా, ఇంటి కింద నేలమాళిగా ఆమెకూ తమ్ముడు దమాసోకూ ఉమ్మడిగా మిగిలాయి. తోట పని అతనిది, పీపాల పని ఆమెది. మడ్డి కదలకుండా తేటను ఒక పీపాలోంచి ఇంకోదానిలోకి దించేది. గ్లాసు వెనక కొవ్వొత్తి పెట్టి చూస్తూ, మడ్డి తొలి మబ్బు కమ్మగానే ఆపేసేది. ఆడది పీపాలు దొర్లించడమేమిటని నవ్విన ఊరే తర్వాత నోరు మూసుకుంది.

హోటలు దగ్గర్నుంచి నేరుగా ఇంటికొచ్చి, కుంటుకుంటూ నేలమాళిగలోకి దిగింది. పీపాలు ఉండాల్సిన చోట ఉక్కు తొట్టి. పక్కన చెక్క ముక్కల సంచులు. దమాసో ఎదురొచ్చాడు.

"అక్కా, ముందు కూర్చో. నీ కాలు..."

"నా కాలి సంగతి తర్వాత. పీపాలేవిరా?"

"పాతబడ్డాయి, కారుతున్నాయి. ఈ ఓక్ ముక్కలు సంచిలో కట్టి వైన్‌లో ముంచితే రెండు మూడు నెలల్లో అదే వాసనొస్తుంది."

"నిన్ను సంచిలో కట్టి చర్చి నీళ్ళలో ముంచితే ఫాదరువైపోతావట్రా?"

"ఏళ్ళకేళ్ళు ఎవరాగుతారక్కా?"

"నేనాగుతాను. నేను మంచం మీదుంటే, నన్ను అడక్కుండా కోయించావు చూడూ, దొంగ వెధవా!"

ఆ వారమే మేస్త్రీని పిలిచి నేలమాళిగకు అడ్డుగోడ కట్టించింది. లోపలి మూల కోతకు పోకుండా మిగిలిన నిండు పీపాలు తన వైపు ఉంచుకుంది. తోటనూ పంచుకున్నారు. దమాసో వైన్ ఏ ఏటికాయేడు బార్లకు వెళ్ళిపోయేది. ఆమెది చీకట్లో, చెక్క రంధ్రాల గుండా మెల్లగా గాలి పీలుస్తూ పడుండేది. ఆమె కోపమూ అలాగే, తగ్గకుండా. పండగనాడు ఒకే బల్ల దగ్గర కూర్చున్నా తమ్ముడికి ఉప్పు కూడా అందించేది కాదు.

ఏళ్ళు గడిచాయి. దమాసో కూతురు లెయిరె పెళ్ళి కుదిరింది. విందుకు నీ వైనే కావాలి అత్తా అని వచ్చి అడిగింది. మేనకోడలికి కాదనలేకపోయింది.

ద్రాక్ష పుల్లల నిప్పు మీద గొర్రె మాంసం చిటపటలాడుతుండగా కసిల్డా పంపిన వైన్ సీసాలు తెరిచారు. గ్లాసు అంచున ఎరుపు ఇటుక రంగుకు తిరిగింది. ముందు ఎండిన చెర్రీల వాసన, వెనకే వనిల్లా, కాస్త కొబ్బరి, పొగాకు, పాత తోలు. నాలుకను పట్టి లాగే వగరు ఎప్పుడో చచ్చిపోయింది. మింగాక కూడా రుచి నోరు విడిచిపోలేదు.

దమాసో చివరి చుక్క దాకా తాగాడు. తర్వాత గ్లాసు పట్టుకుని అక్క దగ్గరికొచ్చాడు.

"అచ్చం నాన్న చేసినట్టే ఉందక్కా."

"నాన్నది కాదు. నాది."

"నీదే. నాన్నదానికంటే బాగుంది. ఇంకాస్త పొయ్యవూ?"

పోసింది. మొహం మాత్రం తిప్పుకునే పోసింది. ఇల్లు చేరేదాకా ఆమెకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఈసారి తమ్ముడి మీద కాదు, వాడి మెచ్చుకోలుకు లోలోపల పొంగిపోయిన తన మీద.