దేవసహాయం కొట్టించిన కూపన్లు

“కాయితాలైతే కొట్టించినవు కాకా, బాగనే ఉంది. గుమ్మడికాయలు గూడ జిరాక్స్ షాపుల కొట్టిస్తవా?”

“నీకేం ఎర్కరా? గా ప్రేమమ్మ మొకం ఒక్కసారన్న సూసినవా?”

చర్చి వెనకాల ఉల్లిగడ్డలు కోస్తున్న ఆడవాళ్లు చేతులు ఆపి మరీ విన్నారు. అరుస్తున్నది స్టీఫెన్. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాడు, సంఘానికి కార్యదర్శి. ఆయన క్లాసులో మేలుకొని ఉన్నవాణ్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మాటలు పడుతున్నది ఆయన బాబాయి దేవసహాయం.

దేవసహాయం ముప్పై రెండేళ్లు ఆర్టీసీ కండక్టరు. ఆసిఫాబాద్, జైనూర్ రూట్లో ఆయన బస్సంటే కూలివాళ్లకు ధైర్యం. చేతిలో చిల్లర లేని ముసలమ్మ ఎక్కితే తన జేబులోంచి తీసి టికెట్టు కొట్టేవాడు. నెలాఖరుకు ఇంటికి చేరే జీతం చూసి భార్య తలుపు వేసుకునేది. రిటైరయ్యాక కోత పండుగ వేలం ఆయన చేతికొచ్చింది. మూడోసారి అనడానికి బదులు కండక్టరు విజిల్ ఊదుతాడు. విజిల్ పడిందంటే పాట ఖాయం.

ఎవరి చేలో పండింది వాళ్లు ఆ రోజు పీఠం ముందు పెడతారు. గుమ్మడికాయలు, ఆనపకాయలు, కందులు, నాటుకోళ్లు. పాస్టరు ప్రార్థన చేశాక వేలం. ప్రార్థనలో ఉన్న గుమ్మడికాయ ఇంటికొస్తే ఏడాదంతా ఆ ఇంట్లో పొయ్యి ఆరదని నమ్మకం. అయితే జీతాలున్నవాళ్లూ, నాలుగెకరాలున్నవాళ్లే అన్నీ పాడుకుపోతారు. పత్తి ఏరే ప్రేమమ్మ తన గుడిసె మీది తీగకు కాసిన కాయ ఏటా తెచ్చి పెడుతుంది, ఉత్త చేతులతో పోతుంది. ఈసారి ఆమె రేకుల ఇల్లు వేసుకుంది. కొత్తింట్లోకి ఒక్క కాయ కావాలని దేవసహాయంతో నోరు తెరిచి చెప్పింది. ఊరికే ఇస్తే తీసుకునే మనిషి కాదు.

దాంతో దేవసహాయానికి ఉపాయం తట్టింది. మొన్న నవంబరులో జరిగిన పండుగకు, వేలంలో నోట్లు చెల్లవు, కూపన్లే చెల్లుతాయన్నాడు. ఇంటికి పది చొప్పున ఉచితం. ఇంకా కావాలంటే పది రూపాయలకొకటి కొనుక్కోవాలి, ఆ డబ్బు చర్చికి. ప్రేమమ్మ ఒక్కదానికే ఇస్తే మిగతావాళ్లు ఊరుకోరు కాబట్టి జీతమున్న రత్నం టీచరుకూ పది అందాయి. నిరుడు వంద రూపాయలు పలికిన గుమ్మడికాయ పదిహేను కూపన్లకు పోయింది. ప్రేమమ్మ దగ్గర పదే. దేవసహాయం మనసు ఆగలేదు. టీ తాగి రమ్మని జనాన్ని లేపి, బండి మీద జిరాక్స్ షాపుకు పోయి, ఇంటికి ఇంకో పది తెచ్చి పంచాడు. తరవాతి మూడు కాయలూ ఒక్కోటి ముప్పైకి పోయాయి. వచ్చినవి ఆరు కాయలు. ఇంకా రెండే మిగిలాయి.

గొడవ అక్కడ మొదలైంది.

స్టీఫెన్ చెప్పింది ఇదీ. సర్కారు అందరి చేతిలో పైసలు పోస్తే మంచిదే, పనిలేక ఖాళీగా ఉన్న చేతులు కదిలి సరుకు పెరిగితే. సరుకు అంతే ఉంటే ధర పెరుగుతుంది, పేదవాడు మళ్లీ వెనకే. అప్పుడు రిజర్వు బ్యాంకు వడ్డీ పెంచుతుంది. అప్పు తీసుకునేవాడు ఆగుతాడు, పైసలున్నవాడు దాచుకుంటాడు, బజారు చల్లబడుతుంది. పదిహేనేళ్లుగా క్లాసులో చెబుతున్న పాఠమే. ఈసారి మాత్రం ఉల్లిగడ్డలు కోసేవాళ్లు కూడా వింటున్నారు.

“గట్లయితే నువ్వే రిజర్వు బ్యాంకువైపో,” అన్నాడు దేవసహాయం.

స్టీఫెన్ పాత కానుక పెట్టె తెచ్చి తాళం తీసి, ఇప్పుడు పది కూపన్లు ఇందులో వేసినవాళ్లకు వచ్చే కోత పండుగకు పదిహేను ఇస్తానని ప్రకటించాడు. జనం ఎగబడ్డారు. రత్నం టీచరు కొంగులో ఉన్నవన్నీ కుమ్మరించింది. ప్రేమమ్మ కూడా తన ఇరవై వేసేసింది. లాభం ఆమెకు మాత్రం చేదా?

వేలం మళ్లీ మొదలైంది. దేవసహాయం నాటుకోడిని పైకెత్తి ఒకటోసారి అన్నాడు. కోడి తప్ప ఎవరూ నోరెత్తలేదు. ఐదో గుమ్మడికాయ ఎత్తాడు. అదీ అంతే. ఎత్తినదాన్ని ఎత్తినట్టే కింద పెట్టి, పాస్టరు వైపు చూసి తల గోక్కున్నాడు.

“బ్రేకు జర మెల్లగ తొక్కు స్టీఫెనూ. బస్సే ఆగిపాయె.”

స్టీఫెన్ చెవులు ఎర్రబడ్డాయి. క్లాసులో ఈ ముక్క తనే చెబుతాడు, వడ్డీ మరీ పెంచితే వ్యాపారమే పడుకుంటుందని. పదిహేను కాదు, పదికి పదకొండే అన్నాడు. ఇష్టం లేనివాళ్లు తీసుకోవచ్చన్నాడు. కాస్త గొణిగి కొందరు తీసుకున్నారు. కొందరు ఆ ఒక్కటి కోసం అలాగే ఉంచారు. రత్నం టీచరు కొన్ని తీసుకుని, మిగతావి పెట్టెలోనే వదిలింది. ప్రేమమ్మ మొత్తం ఇరవై వెనక్కి తీసుకుని ముందు వరసలోకి జరిగింది.

కోడి పోయింది, ఐదో కాయ పదహారుకు పోయింది. ఆఖరి కాయకు రత్నం టీచరు పద్దెనిమిది అంది. ప్రేమమ్మ ఇరవై అంది. ఆ పైన ఆమె దగ్గర ఏమీ లేదని అందరికీ తెలుసు. టీచరు పెట్టె వైపు చూసింది, వేళ్ల మీద లెక్క వేసింది, అందులోంచి తీసి వచ్చే లాభం ఎందుకు పోగొట్టుకోవాలనుకుని కూర్చుంది. దేవసహాయం విజిల్ రోడ్డు దాకా వినిపించింది.

“నీ కాయ నువ్వే కొన్నవు గదనే,” అన్నారు ఆడవాళ్లు నవ్వుతూ.

“ప్రార్థనైంది గద,” అంది ప్రేమమ్మ, కాయను చంకనేసుకుని.

భోజనాలయ్యాక దేవసహాయం పెట్టెకు తాళం వేసి, తాళంచెవి స్టీఫెన్ అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

“ఇది నీ దగ్గర్నే పెట్టుకో బిడ్డా. ఇగ కూపన్లు ఎన్ని కొట్టియ్యాల్నో గూడ నువ్వే జెప్పాలె. వచ్చే ఏడు ఎవ్వలదో మొకం జూసి నాకు మళ్ల మనసు కరుగుతది. నీ ఇంటికొస్త. బతిమిలాడుత, గుస్స గూడ అయిత. కాక అని చూడకు. నేను ఎంత అడిగినా నాకైతే ఇయ్యకు.”