నలభై ఖాతాలకు ఒకే నంబరు

ఈ ఉదయం ఖమ్మం బస్సులో పక్కసీటాయన ఫోను టింగుమంది. తెర మీద ఆరంకెల ఓటీపీ. మిర్చి యార్డు ఘాటు కిటికీలోంచి లోపలికి కొడుతూనే ఉంది గానీ, నా కళ్ళు తడిసింది దానికి కాదు. రాజలింగం సారు గుర్తొచ్చారు.

ఆయన భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న మా బ్యాంకు శాఖకు మేనేజరు. నేను కొత్త గుమాస్తాను. గూడేలు తిరిగి ఖాతాలు తెరిపించే పని నాది. అక్కడ సిగ్నల్ ఉండదు, చాలామందికి ఫోనే లేదు. ఖాతాకు నంబరు తప్పదు కదా, నలభై మందికీ నా నంబరే ఇచ్చేశాను. వాళ్ళ ఏటీఎం కార్డుల ఫోటోలు కూడా నా ఫోనులోనే దాచాను. అందరికీ ఉపకారం చేస్తున్నానని లోలోపల గొప్పొకటి.

సారు ఒకరోజు జాబితా చూసి పిలిచారు.

"ఏందిది? నలభై మందికి ఒక్కటే నంబరా?"

"వాళ్ళకు ఫోన్లు లేవు సార్. ఓటీపీ వస్తే నేనే చెప్తున్న."

ఆయన అరవలేదు. బొగ్గుబాయి కార్మికుడి కొడుకాయన.

"బాయిల దిగేటప్పుడు ఎవరి నంబరు బిళ్ళ వాళ్ళే తీసుకోవాలె. మా నాయిన ఒకనాడు జల్దిల దోస్తు బిళ్ళ పట్టుకొని దిగిండు. పైకప్పు కూలింది. బిళ్ళ చూసి దోస్తు ఇంటికి కబురు పంపిన్రు. మేమేమో అన్నం వండుకొని సాయంత్రందాకా మా నాయిన కోసం కూసున్నం. శనివారం లోపల నంబర్లన్నీ మార్చు."

అవి మిరప కోతల రోజులు. జనమంతా తోటల్లో ఉన్నారు, తర్వాత చూద్దాంలే అనుకుంటూ శనివారం దాటేశాను. ఆ సోమవారమే కరెంటు బిల్లు పేరుతో వచ్చిన లింకు నొక్కాను. ఏదో యాప్ దిగింది. నా మెసేజీలు, ఫోటోలు అన్నీ ఎవడి చేతిలోనో పడ్డాయి. బ్యాంకు తాళం బాగానే వేసింది. కార్డు ఒకచోట, ఓటీపీ ఇంకోచోట ఉండాలనే కదా ఆ ఏర్పాటు! రెండూ ఒకే జేబులో వేసుకు తిరిగిన మొనగాణ్ణి నేను. మధ్యాహ్నానికల్లా ఆ నలభై మందిలో ఒకరైన సమ్మక్క ఖాతా ఖాళీ అయింది. భర్త గుండె ఆపరేషన్ కోసం మిర్చి అమ్మి దాచుకున్న డబ్బది.

సారు అప్పటికప్పుడు ఫిర్యాదు చేసి, మిగతా ఖాతాలు ఆపించారు. పై ఆఫీసుకు రాసిన ఉత్తరంలో నా తప్పు పక్కన, తెలిసీ వెంటనే మార్పించని తన తప్పూ రాశారు. నా ఉద్యోగం నిలిచింది, ఆయన ప్రమోషన్ పోయింది. ఆ సాయంత్రమే నన్ను బండెక్కించుకుని సమ్మక్క ఇంటికి తీసుకెళ్ళారు.

"నేను జెప్ప. నువ్వే జెప్పాలె," అన్నారు.

చెప్పాను. ఆమె తిట్టలేదు.

"మరి రేపు దవాఖానాల ఏం జెప్పాలె బిడ్డా?" అంది.

సారు దవాఖానాకు ఫోన్ చేసి బతిమాలారు. వాళ్ళు ఆపరేషన్ వాయిదా వేశారు. ఆ గడువు రాకముందే ఆమె భర్త పోయాడు. దొంగసొమ్ము దొరికి ఆమె ఖాతాలో తిరిగి పడేసరికి దినాలు కూడా అయిపోయాయి.

సారు ఇప్పుడు లేరు. నేను ఖమ్మం ఆఫీసులో పెద్ద కుర్చీలోనే ఉన్నాను. ఎవరి ఖాతా అయినా నా కంప్యూటరులో తెరుచుకుంటుంది. సమ్మక్క ఆ డబ్బు తీసుకుందో లేదో, అసలు ఎలా బతుకుతోందో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటుంది. పేరు కొడితే చాలు, క్షణంలో తెలిసిపోతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ కొట్టలేదు. అది చూసే హక్కు నాకు లేదు.