నాన్న బండిలో ఏ పెట్రోలు పోయాలి

మా పెద్దమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు, మధ్యలో ఒక రెండేళ్ళు తప్ప, ఒకే ఇంజను పక్కన కూర్చుని ఉద్యోగం చేసింది. ఆ ఇంజను ఎక్కడికీ పోయేది కాదు. దానికి చక్రాల్లేవు. పెట్రోలు డిపో వెనక, కిటికీలు తెరవకూడని ఒక గదిలో, సిమెంటు దిమ్మకి బోల్టులేసి బిగించిన ఒంటి సిలిండరు ఇంజను అది. మనిషంత ఎత్తు, మనిషికున్నంత పొగరు. ట్యాంకర్లలో వచ్చిన పెట్రోలు నమూనాలు దాంట్లో పోసి, పక్కనున్న పిడి తిప్పుతూ సిలిండర్లో ఒత్తిడి పెంచుకుంటూ పోవడం పెద్దమ్మ పని. ఎక్కడో ఒకచోట ఇంజను టకటకమంటుంది. ఎక్కడ అందో చూసి, కాయితం మీద ఆక్టేన్ నంబరు రాసి, కింద సంతకం పెట్టాలి.

టకటకని కొలవడానికి గోడకి ఒక మీటరుండేది. దాని ముల్లు కదిలే లోపే పెద్దమ్మ నంబరు చెప్పేసేది. కొత్తగా చేరిన వాళ్ళు నమ్మేవారు కాదు. రెండు వారాలయ్యాక వాళ్ళే మీటరు చూడ్డం మానేసి పెద్దమ్మ మొహం చూసేవారు.

పెదనాన్న పుస్తకాలు బైండు చేసేవాడు. దారం, జిగురు, అట్టముక్కలు తప్ప ఆయనకి ఇంకో లోకం లేదు. రోజుకి నాలుగు మాటలు మాట్లాడేవాడు, అందులో రెండు "ఊఁ"లు. "ఆయన మొదలెట్టరు, నేను ఆపను. కాపురానికి ఇంకేం కావాలి?" అనేది పెద్దమ్మ.

ఆవిడ ఉద్యోగంలో ఒకే ఒక్కసారి గొడవ జరిగింది. ఒక ట్యాంకరు నమూనా ఒక నంబరు తక్కువొచ్చింది. సూపరింటెండెంటు వచ్చి కుర్చీ లాక్కుని, "ఒక్క నంబరే కదమ్మా, ఎవరికి తెలుస్తుంది? రాసేయండి" అన్నాడు. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఊపింది. ఫలితంగా రెండేళ్ళు పాత ఫైళ్ళ గదిలో బొద్దింకలకి కాపలా కాసింది. ఆ తర్వాత అందరూ ఆవిడ నిజాయితీ గురించి గొప్పగా చెప్పుకునేవారు. ఆవిడ మాత్రం, "నిజాయితీ కాదు, జ్ఞానదంతం. దవడ వాచిపోయి నోరు తెరవలేకపోయాను. ఆ రోజు ఎవరేం అడిగినా తల అడ్డంగానే ఊపేదాన్ని. టీ తాగుతారా అన్నా అంతే" అనేది. ఎంతవరకు నిజమో నాకు తెలీదు.

ఆవిడ రిటైరైన ఏడాదే మా నాన్న మోటార్‌సైకిలు కొన్నాడు.

నాన్నకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. యాభై మూడేళ్ళు వచ్చేదాకా సైకిలు కూడా సరిగ్గా తొక్కని మనిషి. ఒకరోజు ఉన్నట్టుండి దూరప్రయాణాలకి తయారుచేసిన పెద్ద బండితో ఇంటి ముందు దిగాడు. సెకండ్‌హ్యాండుది, వేరే దేశం నుంచి ఓడలో వచ్చింది. ముందు గాలికి అడ్డంగా పెద్ద అద్దం, రెండు పక్కలా ట్రంకుపెట్టెలంత డబ్బాలు, మా సోఫా కంటే మెత్తటి సీటు. అమ్మ ఒక్కసారి ఎక్కింది. వీధి చివర దిగి, నడుచుకుంటూ వెనక్కి వచ్చి, పొయ్యి మీద పాలు చూసుకుంది. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు.

నాన్న ఆ బండికి తొంభై ఎనిమిది ఆక్టేన్ పెట్రోలు పోయించేవాడు. మా పంపులో మూడు రకాలుండేవి: తొంభై ఒకటి, తొంభై ఐదు, తొంభై ఎనిమిది. చివరిదానికి వేరే గొట్టం, వేరే రంగు. దాని దగ్గర నిలబడే కుర్రాడు కూడా రెండుసార్లు "సార్" అనేవాడు. నాన్నకి ఆ రెండో "సార్" మీదే మోజని నా అనుమానం.

ఒక ఆదివారం భోజనాల దగ్గర ఈ సంగతి బయటపడింది.

"తొంభై ఎనిమిది పోస్తే బండి తేలిపోతుంది వదినా. మీరు చూడాలి" అన్నాడు నాన్న.

పెద్దమ్మ ముద్ద కంచంలో పెట్టేసింది. "తేలుతోంది బండి కాదు, నీ బుర్ర. ఆక్టేన్ అంటే బలం అనుకున్నావా? ఓపిక. పిస్టన్ వచ్చి నొక్కుతుంటే, ప్లగ్గు నిప్పు పెట్టేదాకా పెట్రోలు ఓర్చుకోవాలి. ఓర్చుకోలేనిది తనంతట తనే భగ్గుమంటుంది. ఆ దెబ్బే టకటక. నీ ఇంజను ఎంత నొక్కుతుందో అంత ఓపిక చాలు. అంతకన్నా ఎక్కువ కొంటే ఆ ఓపికంతా పొగగొట్టంలోంచి పోతుంది."

"మరి అంత ఖరీదెందుకు పెడతారు?"

"నీలాంటి వాళ్ళు కొంటారు గనక."

చెయ్యి కడుక్కోకుండానే బయటికెళ్ళి, ఎడంచేత్తో బండి ట్యాంకు మూత తెరిచింది. మూత కింద పాత స్టిక్కరు. వేలు పెట్టి చూపించింది. "ఇదిగో. కనీసం తొంభై ఒకటి. అచ్చేసి మరీ పెట్టారు. పదిమందికి కళ్ళు తెప్పించే మనిషివి, నీ బండి మీద రాసింది నువ్వు చదువుకోలేవా?"

నాన్న ఉక్రోషపడిపోయాడు. మాటామాటా పెరిగి పందెం దాకా వెళ్ళింది. రెండువందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కొండ మీద ఒక సరస్సు ఉంది. ట్యాంకు నిండా తొంభై ఒకటి పోసి ఇద్దరూ అక్కడికి వెళ్ళాలి. బండి నాన్న నడుపుతాడు, ఇంజను పెద్దమ్మ వింటుంది. ఇంజను మూలగకుండా పైకెక్కితే నాన్న నెలరోజులు గిన్నెలు తోమాలి. టకటకమంటే పెద్దమ్మ అందరి ముందూ లేచి నిలబడి, "మరిది గారు చెప్పిందే కరెక్టు" అనాలి.

"విని చెప్పేది అక్కేనా? మరి అబద్ధం చెబితే?" అంది అమ్మ.

నాన్న కాస్త ఆలోచించి, "వదిన తిడతారు గానీ అబద్ధం చెప్పరు" అన్నాడు. పెద్దమ్మ ఆ మాట విననట్టు నటించింది.

ట్యాంకులో ఉన్న ఖరీదైన పెట్రోలు అయిపోయేదాకా నాన్న రెండ్రోజులు ఊరంతా ఊరికే తిరిగాడు. శనివారం పొద్దున్నే ఇరవై ఒక్క లీటర్ల తొంభై ఒకటి పోయించాడు. పెద్దమ్మ తలకి హెల్మెట్ పట్టలేదు. కొప్పు విప్పి, జడేసి, జాకెట్టు లోపలికి దోపుకుంది. పెదనాన్న గుమ్మంలో నిలబడి, "జాగ్రత్త" అన్నాడు. ఎవరికి చెప్పాడో తెలీదు, ఇద్దరూ తలూపారు.

నేలమీద నూటఎనభై కిలోమీటర్లు ఇంజను పాలు తాగిన పిల్లిలా పోయిందట. పెద్దమ్మ దారిపొడుగునా నాన్న చెవి దగ్గర వంగి, "విన్నావా? విన్నావా?" అని అరుస్తూనే ఉంది. గిన్నెల సబ్బు ఏది మంచిదో కూడా సలహా ఇచ్చింది.

కొండ మొదలయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఇద్దరు మనుషులు, రెండు నిండు డబ్బాలు, నిటారు రోడ్డు. నాన్నకి గేరు మార్చడం బద్ధకం. పెద్ద గేరులోనే పెట్టి, యాక్సిలరేటరు మెలేసి ఎక్కిస్తున్నాడు. ఐదో మలుపు దగ్గర పెద్దమ్మకి వినపడింది. గాజుసీసాలో సన్నటి గులకరాళ్ళు వేసి ఊపినట్టు.

ముందు డబ్బా గొళ్ళెం అనుకుందట. చేత్తో పట్టుకుని చూసింది. ఆగలేదు. తర్వాత తన పళ్ళే అనుకుంది. దవడ బిగించి చూసింది. ఆగలేదు. నాన్న హెల్మెట్‌లో ఈలేసుకుంటూ హాయిగా నడుపుతున్నాడు. ఆయనకి ఇంజను ఊడి కిందపడినా వినపడదు.

"మూడు మలుపులు నోరు మూసుకున్నానే. ఈ లోకంలో ఆ చప్పుడు నాకొక్కదానికే తెలుసు. పైకెక్కేస్తే అయిపోయేది. మీ నాన్న చేతికి పీచు ఇచ్చేదాన్ని" అని తర్వాత నాతో చెప్పింది.

ఆ తర్వాతి మలుపులో నాన్న భుజం మీద గట్టిగా కొట్టింది. ఆయన బండి పక్కకి తీసి ఆపాడు.

"బాత్రూమా వదినా?"

"నా బాత్రూం గొడవ నీకెందుకు? ఏమైనా వినపడిందా?"

"పొద్దుట్నించీ మీరే వినపడుతున్నారు."

"ఇంజను. టకటకమంటోంది. ఐదో మలుపు నించీ." హెల్మెట్ తీసి సీటు మీద పెట్టింది. "నేను ఓడిపోయాను."

నాన్నకి సంబరపడాలో, బండికేమైందో అని భయపడాలో తెలియలేదు. రెండూ పడ్డాడు.

"కానీ ఓడిపోకూడదు" అంది పెద్దమ్మ, ఎవరో మోసం చేసినట్టు. "తొంభై ఒకటి అన్నాడు, తొంభై ఒకటి పోశాం. మూత తియ్యి."

ఇద్దరూ ట్యాంకు మీదకి వంగారు. స్టిక్కరులో నంబరు కింద ఇంకో లైనేదో ఉంది, దాని మీద పాత యజమాని పూసిన పాలిష్ పొరలు పొరలుగా గడ్డకట్టింది. నాన్న జేబులోంచి అద్దాలు తుడిచే గుడ్డ, అద్దాల మీద చల్లే నీళ్ళ సీసా తీశాడు. నెమ్మదిగా రుద్దాడు. అద్దాల మీద గీతలు చూసే భూతద్దం కంటికి ఆనించుకుని చదివాడు.

"ఆర్ ప్లస్ ఎమ్. కింద గీత. కింద రెండు. ఇదేం లెక్క వదినా?"

పెద్దమ్మ రోడ్డు పక్క రాయి మీద కూలబడింది. తనని తాను ఒక మాట అనుకుంది. ఆ మాట ఇక్కడ రాయలేను, అమ్మ చదువుతుంది.

పెట్రోలుకి రెండు పరీక్షలుంటాయి. ఒకటి సుఖంగా పెట్టేది, అది ఆర్. రెండోది వేడెక్కించి, పరుగెత్తించి పెట్టేది, అది ఎమ్. ఒకే పెట్రోలుకి మొదటిదాంట్లో ఎక్కువ మార్కులు, రెండోదాంట్లో తక్కువ మార్కులు వస్తాయి. మన పంపుల మీద రాసేది మొదటి నంబరు. ఆ బండి వచ్చిన చోట రెండూ కలిపి సగం చేసి రాస్తారు. వాళ్ళ తొంభై ఒకటి మన లెక్కలో దాదాపు తొంభై ఐదు.

"ఆ రెండో పరీక్ష కూడా నేనే చేసేదాన్ని. వారం వారం. వేరే దేశం బండని తెలుసు. ఏ లెక్కలో తొంభై ఒకటి అని ఒక్క మాట అడగలేదు" అంది పెద్దమ్మ.

"అంటే నేను తొంభై ఎనిమిది పోయించడం కరెక్టేగా?"

"నువ్వు పరీక్ష రాయకుండా పాసయ్యావు. మాట్లాడకు."

అక్కణ్ణించి పెద్దమ్మే నడిపించింది, వెనక కూర్చుని. "గేరు దించు. ఇంజన్ని తిరగనివ్వు. ఆ మెలెయ్యడం ఆపు, అది నీ ముక్కు కాదు." చిన్న గేరులో, యాక్సిలరేటరు తక్కువిస్తే చప్పుడు ఆగింది. అలాగే మెల్లగా పైకి చేరారు. పైనున్న చిన్న పంపులో తొంభై ఒకటి, తొంభై ఎనిమిది రెండే ఉన్నాయి. తొంభై ఐదు లేదు. పెద్దమ్మ పంపు కుర్రాడి దగ్గర పెన్ను లాక్కుని అరచేతి మీద లెక్కేసింది. ట్యాంకులో తొమ్మిది లీటర్లు తొంభై ఒకటి మిగిలుంది. దాంట్లో పన్నెండు లీటర్లు తొంభై ఎనిమిది కలిపితే సరిగ్గా తొంభై ఐదు. పన్నెండో లీటరు నిండి అంకె కదలబోతుంటే "ఆపు!" అని అరిచిన అరుపుకి కుర్రాడు గొట్టం వదిలేశాడు.

మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చారు. కొండ దిగేటప్పుడూ, దారిలో వచ్చిన ఇంకో చిన్న ఎత్తు మీదా, ఇంజను చప్పుడు చేయలేదు. భోజనాలకి అందరం కూర్చున్నాక పెద్దమ్మ లేచి నిలబడింది.

"మరిది గారు చెప్పిందే కరెక్టు. ఎందుకు కరెక్టో ఆయనకి తెలీదు."

"రెండో వాక్యం పందెంలో లేదు వదినా" అన్నాడు నాన్న.

అప్పటిదాకా తలొంచుకుని తింటున్న పెదనాన్న తలెత్తాడు. "మొదటి వాక్యం మళ్ళీ చెప్పు" అన్నాడు.

పెద్దమ్మ చెప్పింది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో అవతలివాళ్ళు చెప్పిందే కరెక్టని ఆవిడ నోటంట ఆయన వినడం అదే మొదలట. ఆ పూట ఇంకో చపాతీ అడిగి తిన్నాడు.

నవ్వులన్నీ అయ్యాయి గానీ, ఆ తర్వాత వారం పదిరోజులు పెద్దమ్మ అదోలా ఉంది. ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే, పాత డైరీలు ముందేసుకుని కూర్చుంది.

"ఇన్నేళ్ళు సంతకాలు పెట్టాను కదే. ఇలాగే రెండో లైను చదవకుండా ఎన్నిటి మీద పెట్టానో" అంది.

"పెట్టి ఉండవులే పెద్దమ్మా."

"నీకేం తెలుసు? నాకే తెలీదు."

డైరీల మీద దుమ్ము తుడిచాను. ఈలోగా బయట పెద్ద హారను మోగింది. నాన్న హెల్మెట్ పట్టుకుని లోపలికొచ్చాడు.

"వదినా, వచ్చే శనివారం సముద్రం వైపు పోదామనుకుంటున్నా. తొంభై ఐదే పోయించాను. వస్తారా?"

"పంపు రసీదు చూపించు" అంది పెద్దమ్మ.

చూపించాడు. అటూ ఇటూ తిప్పి చదివింది, వెనకవైపు కూడా. డైరీలు అలమరలో పెట్టేసింది.

ఆ ఏడాది ఇద్దరూ పదకొండు ప్రయాణాలు చేశారు. అమ్మ మాత్రం ప్రతిసారీ డబ్బాల్లో తిండి సర్ది పంపించి, ఇంట్లో ప్రశాంతంగా ఉందని తెగ సంతోషించేది. దారిలో పంపుల దగ్గర కనబడ్డ ప్రతి బండివాణ్ణీ పెద్దమ్మ ఆపి, మూత తీయించి, స్టిక్కరు చదివించేది. కొందరు దండం పెట్టారు, కొందరు మూత వేసుకుని పారిపోయారు.

అరవై రెండో ఏట తనే లైసెన్సుకి వెళ్ళింది. మొదటిసారి ఫెయిలైంది. పరీక్షకిచ్చిన బండి టకటకమంటోందని ఎనిమిది అంకె మధ్యలో ఆపేసి, పరీక్ష పెట్టే ఆయనకి పావుగంట పాఠం చెప్పింది. రెండోసారి అమ్మ వెంట వెళ్ళి, గీత బయట నిలబడి, నోటిమీద వేలు పెట్టి చూపిస్తూనే ఉంది. అప్పుడు పాసైంది. బండి కొనుక్కోవచ్చు కదా అంటే కొననంది.

"ముందు కూర్చుంటే రోడ్డు చూసుకోవాలి. వెనకైతే ఇంజను బాగా వినపడుతుంది" అంటుంది.