ముందుకు జరగండి: సైకిళ్లతో, కారవాన్‌తో బ్లాక్‌బట్ ప్రయాణం

నిరుడు మావారికి గుండె ఆపరేషన్ అయింది. ఆసుపత్రి మంచం మీద ఉండగానే ఆయన ఒక మాట అన్నారు. "లేచి తిరిగితే ఆ పాత రైలు దారి సైకిలు మీద తొక్కుతాను సువార్తా. కూడిక కూడా అక్కడే పెట్టుకుందాం." మా ఇళ్లలో జబ్బు నుంచి లేచినవాళ్లు పదిమందిని పిలిచి, దేవుని స్తుతించి, కడుపునిండా భోజనం పెడతారు. దాన్ని కృతజ్ఞతా కూడిక అంటాం. ఆయన చెప్పిన దారి ఆస్ట్రేలియాలో మేముండే టూవూంబాకు ఉత్తరంగా ఉంది. పట్టాలు తీసేసి సైకిళ్లకు వదిలిన దారి అది. బ్లాక్‌బట్ ఊరి నుంచి లిన్‌విల్ దాకా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. మొదట కాస్త చదునుగా ఉన్నా ఆ తర్వాత దాదాపు అంతా అడవిలో మెల్లని దిగుడే. గుండె డాక్టరమ్మ కూడా "దిగుడే కదా, వెళ్లిరండి" అంది. ఆమె ఆ మాట అన్నాక నేను ఆగలేదు. చర్చి ముందు కార్లు ఆపే స్థలంలో నలభై తొమ్మిదో ఏట సైకిలు నేర్చుకున్నాను. మోకాళ్లు రెండుసార్లు చెక్కుకుపోయాయి.

మూడు రోజులకు ఒక చిన్న కారవాన్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే మంచాలున్న బండి, అద్దెకు తీసుకున్నాం. రోజుకు నూటపది డాలర్లు. కాగితాల్లో నన్ను కూడా డ్రైవరుగా రాయించాం. మావారిది బ్యాటరీ సైకిలు, మిగిలిన రెండూ నాదీ, మా అమ్మాయి గ్రేస్‌దీ. కారవాన్ వెనక బంపరుకు సైకిల్ ర్యాక్ బిగించి మూడింటినీ దానికి కట్టేశాం. నంబరు ప్లేటు మరుగున పడకుండా ర్యాక్‌కు ఇంకో ప్లేటు తగిలించాం, ఇక్కడ అది చట్టం. అంతా సక్రమంగానే చేశామనుకున్నాం.

ఇక వంట సామాను. పదహారు మంది కూడికకు బియ్యం బస్తా, కోడి కూరకు పెద్ద గిన్నె, నూనె, రెండు డబ్బాల మంచినీళ్లు, ఆవకాయ జాడీ, ఎండు చేపలు, గారెల పిండికి గ్రైండరు. అన్నిటినీ కారవాన్‌లో చిట్టచివరి మూలకు నెట్టాను. పడుకునేచోటికి ఎండు చేపల వాసన రాకూడదని నా బాధ.

గ్రేస్ లోపలికి తొంగి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "మమ్మీ, వి ఆర్ గోయింగ్ ఫర్ త్రీ డేస్. నాట్ మైగ్రేటింగ్. గ్రైండర్ ఎందుకు?"

"గారెలు లేని కూడిక ఎక్కడైనా చూశావా?"

"మీ అమ్మకి ఎదురు చెప్పకు తల్లీ, గారెలు పోతాయి" అని మావారు నవ్వారు.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి కారు పక్కన నిలబడి ప్రార్థన చేసుకుని బయలుదేరాం. హైఫీల్డ్స్, హాంప్టన్, క్రోస్ నెస్ట్ మీదుగా యారమన్ వెళ్లి, అక్కడ కుడికి తిరిగితే బ్లాక్‌బట్. కారవాన్‌తో రెండు గంటల పైన పడుతుంది. క్రోస్ నెస్ట్‌లో టీ తాగాం. చల్లగాలి, ఎండ, రోడ్డుకు రెండు పక్కలా పచ్చిక. మావారు కారు తోలుతూ పాట అందుకున్నారు.

క్రోస్ నెస్ట్ దాటాక ఒక దిగుడులో ఆ పాట ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో కారును పట్టుకుని అటూ ఇటూ లాగుతున్నట్టు అనిపించింది. అద్దంలో చూస్తే కారవాన్ ఒకసారి ఈ గీత మీదికి, ఒకసారి ఆ గీత మీదికి ఊగుతోంది. ఎదురుగా పెద్ద లారీ వస్తోంది. "యేసయ్యా" అన్నాను. మావారు బ్రేకు గట్టిగా తొక్కలేదు. యాక్సిలరేటరు మీద కాలు తీసేసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, చేతి దగ్గరున్న మీటతో కారవాన్ బ్రేకు ఒక్కటే మెల్లగా వేశారు. అద్దెకిచ్చినతను నేర్పింది అదే. లారీ మమ్మల్ని దాటిపోయింది. కారవాన్ ఊగడం మెల్లగా తగ్గిపోయింది.

కొంచెం ముందు రోడ్డు పక్కన బళ్లు ఆపుకునే చోటు కనిపిస్తే ఆపాం. మావారి చెయ్యి ఛాతీ మీద ఉంది. ముఖాన నెత్తురు చుక్క లేదు.

"డాడీ, జస్ట్ బ్రీత్. నొప్పి ఉందా?" అంది గ్రేస్.

"నొప్పి లేదు. భయం." సీటు బెల్టు విప్పుకుంటూ అన్నారు. "ఇక చాలు సువార్తా. ఇంటికి వెళ్లిపోదాం. కూడిక చర్చిలోనే చేసుకుందాం."

ఆ 'ఇక చాలు' నాకు తెలుసు. ఆపరేషన్ తర్వాత మొదటి మూడు నెలలూ గేటు దాటనివ్వని మాట అదే. ఇవాళ వెనక్కి తిరిగితే ఆయన మళ్లీ సైకిలు ఎక్కరని నాకు అనిపించింది.

మా వెనకే ఒక పాత కారవాన్ వచ్చి ఆగింది. తెల్ల గడ్డం, పొట్టి నిక్కరు వేసుకున్న పెద్దాయన దిగాడు. పేరు గ్రెగ్. "మీ వ్యాన్ నా ముందు డాన్సు చేసింది మేట్! అందరూ బాగానే ఉన్నారా?" అని అడిగాడు. ఆయన భార్య ఫ్లాస్కులోంచి మావారికి టీ పోసి ఇచ్చింది.

నేను కారవాన్ చుట్టూ నడిచాను. వెనక చూస్తే కుదుపులకు ఒక పట్టీ వదులై, నా సైకిలు పెడలు గ్రేస్ సైకిలుకు గీతలు పెట్టింది. పక్కకు వచ్చి నిలబడి చూశాను. కారవాన్ వెనక వైపుకు కుంగినట్టుంది, ముందు ముక్కు పైకి లేచినట్టుంది. అలాంటి భంగిమ నేను చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. బాపట్ల దగ్గర మా నాన్న ఎడ్లబండిలో ధాన్యం వేసేటప్పుడు బస్తాలు ఇరుసుకు వెనక ఎక్కువైతే నొగ పైకి లేచి, కాడి ఎడ్ల గొంతుకు పట్టేసేది. అప్పుడు నాన్న బస్తాల మీద కూర్చున్న పిల్లలందర్నీ కేకేసేవాడు. "ముందుకు జరగండ్రా! ఎడ్లకి గొంతు పట్టేస్తంది!" మేం కేరింతలు కొడుతూ జరిగేవాళ్లం. బండి సర్దుకునేది.

"ఏమండీ" అన్నాను. "మనది వెనక బరువండీ. సైకిళ్లు వెనకే, బియ్యం వెనకే, నీళ్లు వెనకే. కాడి మీద బరువే లేదు."

"ఇక్కడ కాడి ఎక్కడుందే?"

కారుకు కారవాన్‌ను తగిలించే ఇనుప గుండు చూపించాను. టో బాల్ అంటారు దాన్ని. గ్రేస్ నా మాటలు ఇంగ్లీషులో చెప్పగానే గ్రెగ్ తన కారులోంచి ఆ గుండు చోట పడే బరువు తూచే చిన్న కాటా తెచ్చాడు. తూస్తే అరవై కిలోలు. మొత్తం కారవాన్ బరువులో పదో వంతు అక్కడ పడటం మంచిదట. మాది పదిహేను వందల కిలోలు.

"మీ ఎద్దులు గాల్లో ఎగురుతున్నాయి" అని గ్రెగ్ పెద్దగా నవ్వాడు. మావారూ నవ్వారు. నవ్వాక ఆయన ముఖంలోకి రంగు వచ్చింది.

గంటసేపు సర్దాం. ర్యాక్ విప్పి కారులో పెట్టాం. సైకిళ్ల ముందు చక్రాలు ఊడదీసి, కారవాన్ లోపల నేల మీద, సరిగ్గా దాని చక్రాల పైభాగంలో పడుకోబెట్టాం. ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో నా పాత చీరాల చీరలు మడతలు వేసి దూర్చి, మంచం ఇనుప చట్రానికి పట్టీలతో బిగించాం. బ్యాటరీ తీసి కారులో పెట్టాం. బియ్యం, నీళ్లు, గ్రైండరు కూడా ఇరుసు మీదికి, కొంచెం ముందుకు జరిపాం. ఎండు చేపలు నా మంచం కిందికే వచ్చాయి. మళ్లీ తూస్తే నూట నలభై ఎనిమిది.

"బ్యూటిఫుల్!" అన్నాడు గ్రెగ్.

మావారు తాళాలు నా చేతిలో పెట్టారు. "బండి సంగతి తెలిసినదానివి, నువ్వే తోలు."

నేనెప్పుడూ కారవాన్ లాగలేదు. గ్రెగ్ కాసేపు నా వెనకే వస్తానన్నాడు. ఎనభై దాటకుండా పోనిచ్చాను. మొదటి దిగుడు వచ్చినప్పుడు అద్దంలోకి చూశాను. కారవాన్ నా వెనకాల బుద్ధిగా వచ్చింది. రెండో దిగుడుకు మావారు, ఆగిపోయిన పాటను ఆగిన చోటి నుంచే అందుకున్నారు. యారమన్ మలుపు దగ్గర గ్రెగ్ హారన్ మోగించి తన దారిన వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి బ్లాక్‌బట్ చేరి, ఆ రాత్రికి కారవాన్లు నిలుపుకునే పార్కులో దిగాం. కరెంటుతో కలిపి చోటుకు ముప్పై అయిదు డాలర్లు. శనివారం పొద్దున్నే కూర, పులావు వండి, గారెలు వేశాను. మా చర్చి సంఘం వాళ్లు కార్లలో వచ్చి గిన్నెలు ఎక్కించుకుని లిన్‌విల్ వెళ్లారు. మేం ముగ్గురం సైకిళ్లెక్కాం. దిగుడు మొదలయ్యాక మావారు బ్యాటరీ ఆపేశారు. యూకలిప్టస్ నీడలో చక్రాల కింద కంకర చప్పుడు, ముందు ఆయన వీపు. నాలుగుసార్లు ఆగి నీళ్లు తాగాం. నేను ఒక్కసారి కూడా పడలేదు.

లిన్‌విల్ చేరేసరికి మావాళ్లు చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. పాస్టరు గారు సాక్ష్యం చెప్పమన్నారు. మావారు మామూలుగా అరగంటకు తక్కువ మాట్లాడరు. ఆ రోజు హెల్మెట్ తీసి, "నిరుడు నన్ను చక్రాల కుర్చీలో తోసుకెళ్లారు. ఇవాళ చక్రాలు నేనే తొక్కాను" అని కూర్చున్నారు. గ్రేస్ ఏడ్చింది. ఎవరూ అడక్కుండానే ఆరో గారె తిన్నది కూడా తనే.

బయలుదేరే ముందు చేసిన ప్రార్థనకు జవాబు ఎలా వచ్చిందా అని తర్వాత ఆలోచించాను. లారీని దేవుడే దాటించాడు, అందులో నాకు అనుమానం లేదు. ఎప్పుడో బండి మీద విన్న నాన్న కేకను ఆ రోడ్డు పక్కన గుర్తుచేసిందీ ఆయనే. నాకు చదువు పెద్దగా లేదు. దేవుడు నా దగ్గర ఉన్నదాన్నే వాడుకున్నాడు.

మీరూ సైకిళ్లతో కారవాన్ ప్రయాణం పెట్టుకుంటే ఒక్క పని చేయండి. సామానంతా ఎక్కించాక, గేటు దాటకముందే టో బాల్ దగ్గర బరువు తూచండి. తక్కువగా ఉంటే వెనకున్న సైకిళ్లను, బరువులను చక్రాల మీదికి, కాస్త ముందుకు జరపండి. ఎండు చేపల వాసన మూడు రోజులు భరించవచ్చు.