ఏ రాజేశం?

కరీంనగర్ ల్యాబ్‌లో నేను పనిచేసిన రోజుల్లో మా పెద్ద మేడం నోట ఎప్పుడూ ఒకటే మాట: "ఏ రాజేశం?" ఆమెది వేములవాడ పక్క ఊరు. వేములవాడ రాజన్న దేవుడికి మొక్కి పిల్లలకు ఆయన పేరు పెట్టుకుంటారు కాబట్టి అక్కడ ఇంటికో రాజేశం ఉంటాడు.

ఒకసారి ఓ హాస్టల్ పిల్లలకు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. వాళ్లకు మజ్జిగ పోసే ఆమె కుండలో ఈ-కొలై అనే బ్యాక్టీరియా దొరికింది. "ఆమె దుకాణం బంద్ జేపిస్త మేడం, సంతకం పెట్టుండ్రి," అని ఆహార తనిఖీ అధికారి తొందరపెట్టాడు.

"ఈ-కొలై మనందరి పేగులల్ల ఉంటది సార్. అండ్ల చానా రకాలు ఎవ్వల్నేం జెయ్యయి. ఊర్లె దొంగతనమైతే రాజేశంలనందర్ని పట్టుకపోతరా? ఏ రాజేశమో సూడనీయుండ్రి."

పిల్లల మలంలో విషం పుట్టించే రకం కనబడింది. మజ్జిగలోది అది కాదు. హాస్టల్ నీళ్ల ట్యాంకులో మాత్రం అదే దొరికింది. మేడం మజ్జిగామెను పిలిపించి, "జబ్బు నీతోని రాలే. గని చేతులు సబ్బుతోని కడుగు," అని గట్టిగానే చెప్పారు.

మరునాడు ఆమె కళ్లనీళ్లతో సీసా నిండా మజ్జిగ తెచ్చింది. మేడం దండం పెట్టి తీసుకుని, మూత విప్పి, ఓ చుక్క పరీక్ష పళ్లెంలో వేశారు.

"తాగుత అక్కా. ముందుగాల ఏ రాజేశమో సూడనీ."