దొర ఆపమన్న పత్తి

భైంసా పత్తి మార్కెట్లో ఇప్పుడు పొద్దున్నే అందరూ ఫోన్లు చూసుకుంటారు. ఏ దేశంలోనో రేటు పడిపోయిందంటే ఇక్కడ బండి పక్కన నిలబడ్డ రైతు ముఖం వాడిపోతుంది. మా తాత కాలంలో ఫోన్లు లేవు, తంతి, అంటే టెలిగ్రాం, ఉండేది. బొంబాయి నుంచి తంతి వస్తే గాని బేరం మొదలయ్యేది కాదట. రాజ్యం నిజాముది, పోలీసులు నిజాము వాళ్లు, సంతలో చెల్లే రూపాయి కూడా నిజాముదే. పత్తి ధర మాత్రం తెల్లవాళ్ల కంపెనీది.

మా తాత ఆ కంపెనీకి దలాలు. కంపెనీ తరఫున రైతులతో బేరం కుదిర్చేవాడు. కొనేవాడు, దలాలు ఒక రుమాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర మాట్లాడుకునేవాళ్లట. ఆ రుమాలు కింద ఏం జరిగిందో పత్తి పండించినవాడికి తెలిసేది కాదు. పైకి వచ్చిన మాట వినడమే అతని వంతు.

దలాలుగా తాతను నేను చూడలేదు. నేను పుట్టేసరికి తాత ఉప్పూ మిరపకాయలూ అమ్మే చిన్న కొట్టు పెట్టుకుని ఉన్నాడు. మిరపకాయలు కారమేనా అని అడిగితే, "కొరికి చూసుకోండ్రి" అనేవాడు. వాన పడుతుందా, బస్సు వస్తుందా అని అడిగినా "నాకేం ఎరుక" అనేవాడు. బజారులో పిల్లలు దానికి నవ్వేవాళ్లు. నాకు సిగ్గుగా ఉండేది.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక పొద్దున, గోదావరి వైపు ఊరి నుంచి ఒక ముసలమ్మ మా ఇంటికి వచ్చింది. అంతకుముందు ఆమెను నేను చూడలేదు. ఆమె గొంతు వినగానే తాత అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"ఆయనకు బాగలేదు అన్నా. నిన్ను ఒక్కసారి రమ్మంటుండు" అంది ఆమె. మంచినీళ్లు ఇస్తే తాగింది గాని కూర్చోలేదు. బస్సుకు వేళైందని వెళ్లిపోయింది.

తాత వెంటనే ధోవతి మార్చుకున్నాడు. మా బాపమ్మకు అతను పోవడం ఇష్టం లేదు. అప్పటికే తాతకు చూపు మసకబారింది, అందుకని నన్ను తోడు పంపింది. నాకు జడ వేస్తూ, ఆ ఇంట్లో ఎవరేమన్నా నోరు తెరవొద్దని చెప్పి, జరిగిందంతా అప్పుడే చెప్పింది.

ఆ ముసలమ్మ భర్త తాతకు చిన్ననాటి దోస్తు. నల్లరేగడి చేను ఉన్న కాపు. ఏటా సగం చేనులో జొన్న, సగంలో పత్తి వేసేవాడు. ఒక ఏడు, పత్తి ఎంత తెచ్చినా కొంటామని కంపెనీ అంటే, తాత ఆ మాట ఊరూరా చెప్పి వచ్చాడు. దోస్తుకూ చెప్పాడు. దోస్తు ఆ ఏడు జొన్న మానేసి, చేనంతా పత్తే పెట్టాడు. అది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. బండ్లన్నీ సంతకు చేరిన రోజున తంతి వచ్చింది. ఓడలు కదలడం లేదని, కొనడం ఆపమని. ఊళ్లోని సావుకార్లు సగం ధరకు అడిగారు. కంపెనీ దొర తాతను పక్కకు పిలిచి, వచ్చే సంతకు మళ్లీ వస్తానని, అప్పటిదాకా పత్తి ఎవరికీ ఇవ్వొద్దని రైతులకు చెప్పమన్నాడు. తాత బండి బండికీ తిరిగి ఆ మాట చెప్పాడు. తాత మాట మీద రైతులు ఆగారు.

దొర కారెక్కి పోయాడు. వచ్చే సంతకు రాలేదు. ఆ పై సంతకూ రాలేదు. ఈలోపు కాలం కాని కాలంలో పెద్ద వాన కొట్టింది. ఆరుబయట బండ్ల మీదున్న పత్తి తడిసి, పసుపెక్కి, కుళ్లు వాసన వేసింది. సగానికి అడిగిన సావుకార్లు ఇప్పుడు అటు వైపు కూడా చూడలేదు. దోస్తు ఇంట్లో గింజ జొన్న లేదు. యుద్ధం మూలంగా బయటా ధాన్యం దొరకలేదు. ఇప్పపువ్వు ఉడికించుకుని, చింతగింజలు దంచుకుని తిన్నారట. ఎండాకాలంలో వాళ్ల చిన్నబిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒంట్లో బలం లేని పిల్ల, రెండో పొద్దు చూడలేదు.

"మీ తాత ఆ పిల్లను ఎత్తుకుని ఆడించినోడు" అని బాపమ్మ జడ ముడివేసింది.

బస్సు దిగి చేల గట్ల మీద నడిచాం. ఆ ఇల్లు మట్టిగోడల ఇల్లు. లోపల చీకటిగా ఉంది. నులకమంచం మీద మనిషి ఉన్నాడంటే, బొంత కాస్త ఉబ్బెత్తుగా ఉండడం వల్లనే తెలిసింది. తాత తడుముకుంటూ పోయి మంచం పట్టె మీద కూర్చున్నాడు. నేను గడప దగ్గర నిలబడ్డాను.

"వచ్చినవా దోస్తూ" అన్నాడు అతను.

"వచ్చిన."

దోస్తుకు దగ్గు తెర వచ్చింది, ముసలమ్మ నీళ్లు తాగించింది. తర్వాత అతను చాలా మెల్లగా అన్నాడు.

"ఒక్కటి అడుగుత. గా పొద్దు, దొర మల్ల రాడని నీకు ఎరుకేనా?"

తాత ముందుకు వంగాడు. "ఎరుక లే. నా బిడ్డల మీద ఒట్టు, నాకు ఎరుక లే."

నిజంగానే తాతకు తెలియదని పొద్దున జడ వేస్తూ బాపమ్మ చెప్పింది. దొర కోసం అతను కూడా ఎదురుచూశాడు. రోజూ పత్తి బేళ్లు కట్టే కంపెనీ ప్రెస్సు గేటు దాకా పోయి, కావలివాడిని అడిగి వచ్చేవాడట. నేను ఆ సంగతి చెబుదామనుకున్నాను గాని, నోరు తెరవొద్దన్న మాట గుర్తొచ్చి ఊరుకున్నాను.

మంచం మీది మనిషి కళ్లు మూసుకుని ఉన్నాడు. నమ్మాడో లేదో తెలియలేదు. కళ్లు తెరవకుండానే అన్నాడు.

"ఎరుక లేకుంటే, వస్తడని ఎందుకు చెప్పినవు?"

తాత చెయ్యి చాపి బొంత మీద పెట్టాడు. దోస్తు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మేమున్నంతసేపూ మళ్లీ ఇటు తిరగలేదు.

ముసలమ్మ మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, జొన్నరొట్టె, మెంతికూర పెట్టింది. నేను ఆకలి మీద తిన్నాను. తాత రొట్టె తుంచాడు, మళ్లీ కంచంలోనే పెట్టాడు.

"తిను అన్నా. ఆయన అడిగిండు గానీ నేనెన్నడు అడగలే" అంది ఆమె.

తాత తల ఎత్తాడు. ఆమె మాటలో దయ ఉందనుకున్నాడేమో. నేనూ అలాగే అనుకున్నాను.

"అడిగితే నా బిడ్డ వస్తదా?" అని ఆమె కంచం తీసుకుని లోపలికి పోయింది.

దోస్తు ఆ వారంలోనే పోయాడు. మాకు కబురు పంపలేదు. కాలబెట్టిన తర్వాత, ఆ ఊరి నుంచి వచ్చిన బండివాడు ఉప్పు కొంటూ మాటల్లో చెప్పాడు. తాత ఉప్పు తూచి ఇచ్చి కొట్టు మూసేశాడు. ఆ తర్వాత తాత కొట్టు తెరిచాడు గాని, ఎవరితోనూ మాట్లాడడానికి ఇష్టపడేవాడు కాదు. వేళ్లు చూపి ధర చెప్పేవాడు. ఇంట్లో బాపమ్మ అన్నానికి పిలిస్తే వచ్చేవాడు, తిని పోయేవాడు. దొరను గాని, కంపెనీని గాని ఒక్క తిట్టు తిట్టగా నేను వినలేదు. తిట్టి ఉంటే బతికేవాడని తర్వాత బాపమ్మ అనేది. నేను పదో తరగతి చదివే ఏడు, చలికాలంలో ఒక మధ్యాహ్నం కొట్లోనే కూర్చున్నవాడు కూర్చున్నట్టు పోయాడు.

ఆ ముసలమ్మకు ఊళ్లో జరగక, భైంసాకు కూలికి వచ్చింది. జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పని. ఒకసారి కాలేజీ నుంచి వస్తుంటే మిల్లు గేటు ముందు కనబడింది. జుట్టు మీద, కనుబొమల మీద తెల్లటి దూది. ఊపిరి ఈల వేస్తున్నట్టు వినిపిస్తోంది. నేను నమస్తే పెట్టి, ఎవరి మనవరాలినో చెప్పాను. ఆమె నా చెంపలు పట్టుకుని దగ్గరగా చూసింది.

"మీ తాత ఉన్నడా బిడ్డా?"

పోయాడని చెప్పాను. ఆమె తలూపింది. ఎన్నడూ అడగనిది ఏదో అడగబోయి, దగ్గు ఆగక గోడ పట్టుకుంది. నేను వీపు నిమిరాను. ఒళ్లంతా ఎముకలే తగిలాయి. అంతలో మిల్లు కూత పెట్టింది. నా చెయ్యి పక్కకు తీసి, మిగతా ఆడవాళ్లతో కలిసి గేటు లోపలికి నడిచింది.