మేడమ్ చూపించిన హంతకుల సినిమా

మా అత్తగారి ఊరు కోటలో రొయ్యల గుంట గట్టు మీద ఉండగా ఫోను వచ్చింది. కాలేజీలో మాకు ఇంగ్లీషు చెప్పిన మేడమ్ పోయారని గూడూరు నుంచి స్నేహితురాలు చెప్పింది. ఏడుపు రావలసింది. కానీ ముందు చెవిలో మేడమ్ గొంతే మోగింది: "చూడండి, చూడండి, ఇప్పుడు కారు ఆపుతారు!"

మేడమ్‌కు ఒక పాత అమెరికా సినిమా అంటే ప్రాణం. నిజంగా జరిగిన హత్యలను బట్టి తీసింది. మీసాలు సరిగా రాని ఒక కుర్రాడు, వాడి వెంట పారిపోయిన అమ్మాయి, దొంగ కారు, దారి పొడవునా హత్యలు. ఆ కథ చెప్పేటప్పుడు మేడమ్ కుర్చీలో కూర్చోలేకపోయేవారు. కొంగు నడుముకు చుట్టి, డస్టరును స్టీరింగులా పట్టుకుని బల్లల మధ్య మలుపులు తిరిగేవారు. "సినిమా అయిపోగానే లేచిపోవద్దు. మాట్లాడుకోకపోతే సగమే చూసినట్టు" అనేవారు.

దాన్ని మా పుట్టింటి ఊరు మైపాడులో వేద్దామని అడిగింది నేనే. ఒక మధ్యాహ్నం తుఫాను షెల్టరు కిటికీలు మూసి, గోడకు తెల్ల దుప్పటి కట్టాం. ఊరి పెద్ద అడ్డం పడ్డాడు.

"హంతకుల బొమ్మ చూపిస్తే పిల్లోళ్లు చెడిపోరా మేడమ్?"

"మీరు ముందు వరసలో కూర్చోండన్నా. చెడిపోయేటట్టుంటే మీరే ఆపేయండి."

ఆయన ఆపలేదు. మేడమ్ పక్కన నిలబడి మాటలన్నీ తెలుగులో చెబుతుంటే జనం ఊపిరి బిగబట్టి చూశారు. పోలీసు కార్లు వెంటపడగానే ఊరి పెద్ద లేచి నిలబడ్డాడు. "కూర్చో అన్నా, మాకు కనపడ్లా" అని వెనక నుంచి ఆడవాళ్లు అరిచారు.

సినిమా అయ్యాక ఒకామె లేచింది. ఆమె కొడుకు తాగిన గొడవలో ఒక మనిషిని పొడిచి చంపి నెల్లూరు జైల్లో ఉన్నాడు. అప్పటినుంచి ఊళ్లో ఎవరూ ఆమెను పలకరించరు. ఆమె కూడా కొడుకును చూడడానికి వెళ్లలేదు.

"ఆ పిల్లోడి అమ్మను ఒక్కసారి కూడా చూపీలేదే మేడమ్. ఆమె ఏమైంది?"

"నాకూ తెలీదమ్మా. ఏమై ఉంటుందంటావు?"

"చచ్చినోడి అమ్మ మొకం చూడలేక ఇంట్లోనే పడుంటాది. కొడుకును చూసుకోవాలని మాత్రం ఉంటాది."

"అయితే పోదాం పద. నేనూ వస్తా" అన్నారు మేడమ్.

ఊరి పెద్దే ముందు వరసలోంచి వెనక్కి తిరిగి, "పొద్దున ఫస్టు బస్సుకు పోండి. జైల్లో ములాఖత్ టైం అందుతాది" అన్నాడు.

నేనూ వాళ్లతో వెళ్లాను. కొడుకును చూసి బయటికి వచ్చాక ఆమె మాటలు ఆగలేదు. వాడి చిన్నప్పటి సంగతులన్నీ చెబుతూనే ఉంది. ఎండలో, జైలు ముందు రోడ్డు మీద, మేడమ్ ఆమె మొహం చూస్తూ వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. ఆటోలు హారన్లు కొడుతున్నాయి. ఇద్దరిలో ఒక్కరూ పక్కకు జరగలేదు.